లేచాక చెప్పమన్న మాట

అయితే వినబడుతుంది గాని కనబడదన్నమాట. ఇదెక్కడి న్యాయం? వినడానికి చెవులుంటే చూడటానికి కళ్ళుండవా? లేక రెండూ ఉండి కావాలనే ఊరుకుంటోందా? బతికున్నన్నాళ్ళూ ఏ విషయంలోనూ ఊరుకోని మనిషి ఇప్పుడు మాత్రం ఎందుకు ఊరుకుంటుంది?

మేస్త్రి చేతిలో షటిల్ అలాగే ఉండిపోయింది. దాన్ని కిరసనాయిలు గిన్నెలో ముంచి, బ్రష్షుతో తోమి, గుడ్డతో తుడిచి పావుగంటయింది. తుడిచినదాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు. ముప్పై నాలుగేళ్ళుగా కుట్టుమిషన్లు బాగుచేస్తున్న చేతులు అవి. మెదడు ఏ దిక్కున తిరుగుతున్నా తమ పని తాము చేసుకుపోతాయి. ఈ పూట అవి కూడా మొరాయించాయి.

ఇదంతా ఎదురు కొట్టు దర్జీ అమ్మాయి చేసిన నిర్వాకం. అరగంట క్రితం ఆ పిల్ల వచ్చి గుమ్మంలో నిలబడినప్పుడు మేస్త్రి ఎప్పటిలాగే భార్య కుర్చీ వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. బాగైన ప్రతి మిషనునూ తనే ముందు తొక్కి, ఒక గుడ్డముక్క మీద నాలుగు వరసలు కుట్టి చూసి, బాగుందనో బాలేదనో తేల్చేది. ఆ కుర్చీ ఇంకా అక్కడే ఉంది. ఎవరినీ కూర్చోనివ్వడు. పొద్దున్నే తలుపు తీసి, బెంచీ మీది దుమ్ము దులిపి, ఆ రోజు కబుర్లు కుర్చీకి అప్పజెప్పడంతో అతని దినం మొదలవుతుంది.

"శనివారం నీ జ్ఞాపకార్థ కూడికకి మీ తమ్ముణ్ణి పిలిచేశాను," అంటున్నాడు అప్పుడు. "నిన్న వచ్చాడు. ఇదిగో, ఈ స్టూలు మీదే కూర్చున్నాడు. తప్పకుండా వస్తానన్నాడు. కాస్త ఒళ్ళు చేశాడు కూడా."

"నిన్న ఎప్పుడొచ్చాడు బాబాయ్?" అంది దర్జీ అమ్మాయి గుమ్మంలోంచి. "నేను పొద్దుణ్ణుంచి ఎదురుగానే ఉన్నాను. మీ గుమ్మంలోకి పిల్లి కూడా రాలేదు."

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. "నీకు జనం కొలతలు తీసుకోవడానికే కళ్ళు చాలవు. నా గుమ్మానికి కాపలా కూడానా?"

"నా మిషను మీ దగ్గర పడుంటే నాకు వేరే పనేముంది? రోడ్డు చూడటమే పని."

"మధ్యాహ్నానికల్లా ఇస్తానన్నాగా."

"మొన్న కూడా అదే అన్నారు." ఆ పిల్ల లోపలికి వచ్చి కుర్చీ వైపు ఒకసారి చూసింది. వెక్కిరింపు లేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "పిన్ని వింటుందంటారా బాబాయ్?"

"వింటుంది. విశ్వాసి చావంటే ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్ళడమే. వింటుంది, చూస్తుంది, అన్నీ తెలుస్తాయి."

"చూస్తుంటే మరి మీ బావమరిది రాలేదని ఆవిడకీ తెలుసు కదా," అంది దర్జీ అమ్మాయి. "నాకే తెలిసినప్పుడు."

అని, మధ్యాహ్నం వస్తానని చెప్పి, చెప్పులు టపటపలాడించుకుంటూ రోడ్డు దాటి వెళ్ళిపోయింది. అన్న మాట ఎంత బరువైనదో ఆ పిల్లకి తెలియదు.

మేస్త్రి షటిల్‌ని దాని చోట్లో బిగించాడు. బాబిన్ పెట్టాడు. సూది కిందికి దింపి, మొన ఎక్కడ తగులుతోందో చూశాడు. మిషను సంగతి సులువు. కుట్టు దాటేస్తోందంటే ఎక్కడో రెండు భాగాలు ఒకదానికొకటి అందవలసిన క్షణంలో అందడంలేదని అర్థం. వెంట్రుకవాసి ముందో వెనకో. దాన్ని సరిచేయడం అతనికి కళ్ళు మూసుకుని కూడా వచ్చు. మనసు సంగతి అలా కాదు. ఏడాదిగా భార్యకి రోజూ అబద్ధం చెబుతున్నాడు. వాడు వచ్చాడు, తిన్నాడు, నవ్వాడు, నీ గురించి అడిగాడు. ఆవిడ అన్నీ చూస్తోందని ఎంతమందితో వాదించాడో, అంత నమ్మకంగా ఆవిడకే అబద్ధం చెప్పాడు. చూస్తుందని నిజంగా నమ్మినవాడు చేసే పనేనా ఇది? అయితే ఇన్నాళ్ళూ తను నమ్మింది ఏమిటి? తనకి వీలైనంతవరకే, తనకి కావలసిన వైపు నుంచే భార్య బతికి ఉందనా?

ఈ తగువు ఇవాళ్టిది కాదు. తల్లి పోయాక తమ్ముణ్ణి ఆవిడే పెంచింది. పెళ్ళయ్యాక వాడూ ఆవిడతోపాటే ఈ ఇంటికి వచ్చాడు. పెద్దవాడయ్యాక బేకరీలో భట్టీ దగ్గర పనికి కుదిరాడు. రాత్రంతా రొట్టెలు కాల్చడం, పగలంతా పడుకోవడం. అక్కడ పనిచేసే ఒక పెద్దాయన వాడికి కొత్త బోధ ఎక్కించాడు. చనిపోయినవాళ్ళకి ఏమీ తెలియదు. ప్రభువు వచ్చి లేపేదాకా గాఢనిద్రే. మేస్త్రి పెరిగిన సంఘంలో మాత్రం విశ్వాసి ఇక్కడ కన్ను మూయడమే ఆలస్యం, అక్కడ ప్రభువు ఎదుట కళ్ళు తెరుస్తాడు. ఇంకేం కావాలి? ఆదివారం ఆరాధన అయి, భోజనాలు అయి, ఆకలి తీరిన ఇద్దరు మగవాళ్ళు చెరో గోడకీ ఆనుకుని కూర్చుంటే, మధ్యలో ఆవిడ ఇస్త్రీ చేసుకుంటూ ఉండేది.

"పక్క సిలువ మీద దొంగకి ప్రభువు ఏమని మాటిచ్చాడు? ఆ రోజే తనతో పరదైసులో ఉంటాడన్నాడా లేదా? యుగాంతందాకా పడుకో అన్నాడా?" అని మేస్త్రి మొదలెట్టేవాడు.

"మరి నాలుగు రోజులు సమాధిలో ఉండి ప్రభువు పిలిస్తే లేచొచ్చినాయన సంగతేంటి బావా? నాలుగు రోజులు పరదైసులో తిరిగొచ్చినవాడు ఇంట్లోవాళ్ళకి ఒక్క ముక్కైనా చెప్పాడా? పక్క ఊరికి వెళ్ళొచ్చినవాడే గంటసేపు చెప్తాడు."

"చెప్పొద్దని ఉంటాడు ప్రభువు."

"ఎక్కడ రాసుంది?"

"అనలేదని ఎక్కడ రాసుంది? పగలంతా నిద్రపోయేవాడికి లోకమంతా నిద్రపోతున్నట్టే ఉంటుందిరా."

"రోజంతా ఇనపముక్కలతో మాట్లాడేవాడికి శవాలు కూడా జవాబు చెప్పినట్టే ఉంటుంది బావా."

ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి నవ్వేది. "మీరిద్దరూ కొట్టుకోకండి. నేను ముందు పోతే చూసి వచ్చి చెప్తాలే." అని ఒక్క క్షణం ఆగి, "వద్దులే, చెప్పను. చెప్పేస్తే ఆదివారాలు మీ ఇద్దరికీ కాలక్షేపం ఉండదు," అనేది.

ఆ మాట నిలబెట్టుకుంది. ఏడాదయింది, ఆవిడ దగ్గర్నుంచి ఏ కబురూ లేదు.

మేస్త్రి ఒక గుడ్డముక్క తీసి పాదం కింద పెట్టి మిషను తొక్కాడు. నాలుగు వరసలు. పైన చూస్తే ముత్యాల్లా ఉన్నాయి. ఆవిడైతే ఇక్కడితో ఆగేది కాదు. పైన చూసి మురిసిపోకండి, తిప్పి చూడండి అనేది. తిప్పాడు. కింద దారం ఉండలు కట్టుకుని ఉంది. టెన్షన్ మర అర చుట్టు బిగించి మళ్ళీ కుట్టాడు.

సమాధి చేసిన మూడోరోజు ఇదే గదిలో జరిగింది. చుట్టాలంతా వెళ్ళిపోయారు. బావమరిది మాత్రం ఈ స్టూలు మీద కూర్చుని మోకాళ్ళ మధ్య చేతులు వేలాడేసుకుని, చాలాసేపు నేల చూసి, "బావా, ఒకటి చెప్తాను, కోపం తెచ్చుకోకు," అన్నాడు. "అక్కకి ఇప్పుడు నొప్పి లేదు. దిగులు లేదు. మన ఏడుపు తనకి తెలియదు. హాయిగా పడుకుంది. నాకు అదొక్కటే ఓదార్పు."

ఇరవై ఏళ్ళుగా వాదనలో విన్న మాటే. ఆ రోజు మాత్రం ఎవరో గది తలుపు మూసి బయట గడియ పెట్టినట్టు వినిపించింది మేస్త్రికి. భార్య తన కళ్ళముందు ఒకసారి పోయింది. వీడు మళ్ళీ పంపించేస్తున్నాడు.

"పడుకోవడం గురించి నువ్వే చెప్పాలి," అన్నాడు. "ఆఖరి గంటలో మీ అక్క నిన్ను అడిగింది. నువ్వు బల్ల మీద గుర్రు పెడుతున్నావు."

బావమరిది లేచి చెప్పుల కోసం చాలాసేపు వెతుక్కున్నాడు. అవి వాడి కాళ్ళ దగ్గరే ఉన్నాయి. చివరికి దొరికాక వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. మేస్త్రి పిలవలేదు. మొన్న పాస్టరుగారు ఫోను చేసి, "అక్కే పెంచింది కదా, శనివారం మీ బావమరిది చేత ఆవిడ గురించి సాక్ష్యం చెప్పిద్దాం, మీరు ఒక మాట చెప్పండి," అన్నప్పుడు, "చెప్తానండీ," అని ఫోను పెట్టేసి, కుర్చీ వైపు తిరిగి, చెప్పేశానన్నాడు.

తను అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆవిడ అడిగింది. వాడు నిద్రపోతున్నాడు. రెండూ నిజాలే. పైనుంచి చూస్తే కుట్టు చక్కగానే ఉంది. కాని తిప్పి చూస్తే?

తిప్పి చూడటం మేస్త్రి ఏడాదిగా మానేశాడు. ఇవాళ తప్పలేదు.

ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నర. ఆస్పత్రి వార్డులో కిటికీ పక్క మంచం. బావమరిది భట్టీ దగ్గర రాత్రంతా నిలబడి, చొక్కా మీద పిండి కూడా దులుపుకోకుండా నేరుగా వచ్చి, ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుని, అలాగే పక్కకి ఒరిగిపోయాడు. ఆవిడ కళ్ళు తెరిచింది. రెండు రోజులుగా మగతలో ఉన్న మనిషి చాలా తేటగా చూసింది.

"తమ్ముడు రాలేదా?"

"వచ్చాడు. అదిగో, పడుకున్నాడు. లేపనా?"

ఆవిడ తల అటు తిప్పి చాలాసేపు చూసింది. వాడు నోరు తెరుచుకుని పడుకున్నాడు. ఒక ఈగ పెదవి మీద వాలుతోంది, లేస్తోంది, మళ్ళీ వాలుతోంది. ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వడానికి ఓపిక లేక కళ్ళతో నవ్వింది.

"వద్దు, లేపకండి. రాత్రంతా నిలబడొచ్చాడు. ఆ ఈగని తోలండి చాలు."

మేస్త్రి వెళ్ళి ఈగని తోలి వచ్చాడు.

"లేచాక చెప్పండి," అంది. "చూశానని చెప్పండి."

అంతే. మళ్ళీ మగతలోకి వెళ్ళింది. మేస్త్రి ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఇంకేమైనా అంటుందేమోనని. తన గురించి ఏమైనా. ముప్పై ఒక్క ఏళ్ళు కాపురం చేసిన మనిషి కదా, పోయేముందు తనతో అనవలసిన మాట ఒకటి ఉండదా? ఇరవై నిమిషాలు అలా ఎదురుచూశాడు. ఊపిరి ఆగిపోయింది.

అదీ సంగతి. ఆవిడ ఆఖరి మాట తన చేతికిచ్చి వేరేవాళ్ళకి అందజేయమంది. అందులో తనకి వాటా లేదు. మేస్త్రి దాన్ని జేబులో వేసుకుని వచ్చేశాడు. మొదట్లో దుఃఖంలో గుర్తులేదు. మూడోరోజు గుర్తుంది. గుర్తుండే సగం చెప్పాడు. వాడికి దక్కవలసిన సగం మింగేసి, వాణ్ణి కోసే సగం బయటికి తీశాడు. ఆ తర్వాత, ఆవిడ అన్నీ వింటోంది అని రోజూ కుర్చీతో మాట్లాడుతూ కూర్చున్నాడు. ఎందుకు? వింటూ ఉంటే ఎప్పటికైనా ఒక మాట తనకీ చెబుతుందనా? అంతేనేమో. తన సిద్ధాంతం కింద ఉన్నది దొంగకిచ్చిన వాగ్దానమూ కాదు, పరదైసూ కాదు, ఆ ఇరవై నిమిషాలే. మరి వాడి సిద్ధాంతం కింద? అక్క నిద్రపోతోందంటేనే కదా, తను నిద్రపోయిన సంగతి అక్కకి తెలియకుండా ఉండేది. పాపం, వాడు ఆ నిద్రని పట్టుకుని వేలాడుతున్నాడు, తను ఈ మెలకువని పట్టుకుని వేలాడుతున్నాడు. మధ్యలో ఆవిడ, ఏ స్థితిలో ఉందో, ఎవరికి తెలుసు.

గుడ్డ తిప్పి చూశాడు. ఇప్పుడు కింద కూడా చక్కగా పడింది. అలవాటుగా, "ఎలా ఉంది?" అనబోయి ఆగాడు.

"వాడు రాలేదు," అన్నాడు కుర్చీతో. "నిన్న రాలేదు. అసలెప్పుడూ రాలేదు. నేను పిలవలేదు. నువ్వు చెప్పమన్నది కూడా చెప్పలేదు."

రోడ్డు మీద సైకిలు గంట మోగింది. కుర్చీ కుర్చీలాగే ఉంది. వినబడిందో లేదో తెలియదు. కాని ఏడాదిలో మొదటిసారి, వినబడినా ఫరవాలేని మాట ఒకటి ఆ గదిలో అన్నాడు. ఛాతీలో ఏదో ఒక మర వదులైనట్టుంది.

మిషను ఎత్తుకెళ్ళి ఎదురు కొట్లో దించాడు. దర్జీ అమ్మాయి ఆశ్చర్యంగా చూసింది. "మధ్యాహ్నం అంటే మధ్యాహ్నమే ఇచ్చారే. ఒంట్లో బాగుందా బాబాయ్?"

"బాగానే ఉంది. కొట్టు వైపు చూస్తుండు. అదే కదా నీ పని," అని చెప్పి బస్సెక్కాడు.

బావమరిది ఇల్లు రెండు స్టాపుల అవతల, మూడంతస్తుల భవనంలో పైవాటా. తలుపు తీసింది వాడి భార్య. బట్టల కొట్లో మధ్యాహ్నం డ్యూటీకి బయల్దేరుతూ, భుజాన సంచీ తగిలించుకుని ఉంది. మేస్త్రిని చూసి అలాగే నిలబడిపోయింది.

"ఇన్నాళ్ళకి దారి తెలిసిందా అన్నయ్యా?"

"దారి తెలుసమ్మా. కాళ్ళే రాలేదు."

ఆమె పక్కకి తప్పుకుని లోపలికి రానిచ్చింది. గొంతు తగ్గించింది. "పడుకున్నారు. లేపనా?"

"వద్దు, వద్దు. పడుకోనీ. నాకు తొందరేం లేదు."

"లేపినా తప్పులేదు లెండి. పడుకోవడమనేది పేరుకే," అంది చెప్పులు వేసుకుంటూ. "ఈ ఏడాదిగా అంతే. కన్ను ఇలా మూతపడుతుంది, ఉలిక్కిపడి లేచి కూర్చుంటారు. ఎవరైనా పిలిచారా అని అడుగుతారు. ఎవరూ పిలవలేదు పడుకోండి అంటాను. మళ్ళీ గంటకి అదే మాట. డాక్టరు మాత్రలు రాశాడు. అవి వేసుకుంటే అస్సలు మెలకువ రాదేమోనని భయమట, వేసుకోరు. నిద్రంటే భయపడే మనిషిని నేనెక్కడా చూడలేదు అన్నయ్యా."

ఆమె వెళుతూ వెళుతూ, "నాలుగింటికి లేచి డ్యూటీకి తయారవ్వాలి. ఫ్లాస్కులో టీ ఉంది, ఇద్దరూ తాగండి," అని మెట్లు దిగిపోయింది.

లోపలి గదిలో వెలుతురు రాకుండా కిటికీకి మందపాటి దుప్పటి కట్టారు. మంచం మీద బావమరిది గోడ వైపు ముడుచుకుని పడుకున్నాడు. ఒళ్ళు చేయలేదు. చిక్కిపోయాడు. మోచేతుల దాకా భట్టీ వాతలు, పాతవి నల్లగా, కొత్తది ఒకటి ఎర్రగా. గోళ్ళ చివర పిండి. మేస్త్రి స్టూలు చప్పుడు కాకుండా ఎత్తి పెట్టుకుని కూర్చున్నాడు.

రోజుకి నాలుగైదుసార్లు తను ఊరికే కల్పించి చెప్పిన మనిషి వీడే. తిన్నాడు, నవ్వాడు, ఒళ్ళు చేశాడు. ఎంత తేలిగ్గా అల్లేశాడు. అక్కడ తను వీణ్ణి సంతోషంగా ఉంచుతుంటే, ఇక్కడ వీడు గంటకోసారి లేచి, పిలిచారా అని అడుగుతున్నాడు. పిలుపు వినపడక పోగొట్టుకున్నాడు కదా ఒకసారి. అంతా తను అన్న ఒక్క మాట. అందులోనూ సగం.

దుప్పటి అంచు జారి సన్నటి ఎండ చీలిక ఒకటి లోపలికి వచ్చింది. మెల్లగా మంచం మీదికి పాకి, వాడి చెంప మీదికి, అక్కణ్ణుంచి కనురెప్ప మీదికి చేరింది. నుదురు ముడతపడింది. మేస్త్రి లేచి దుప్పటి అంచు లాగి పట్టుకున్నాడు. నీడ పడగానే ఆ ముడత విప్పుకుంది. మొహం పసిపిల్లాడి మొహంలా అయింది.

అయితే తెలుస్తుందన్నమాట, అనుకున్నాడు. నిద్రలో ఉన్నా నీడ తెలుస్తుంది. ఎవరు పట్టుకున్నారో తెలియకపోవచ్చు, ఎందుకో తెలియకపోవచ్చు. నీడ తెలుస్తుంది.

దుప్పటి అంచుని మేకుకి తగిలించి మళ్ళీ కూర్చున్నాడు. గోడ గడియారంలో రెండున్నర. మూడు. బావమరిది కదలలేదు. గంటకోసారి లేస్తాడని చెప్పిందే? మేస్త్రి కళ్ళు వాడి వీపు మీదే ఉన్నాయి, అది లేస్తోంది, పడుతోంది. చిత్రంగా, తనకి విసుగనిపించలేదు. ఒక మనిషి పక్కన ఊరికే కూర్చోవడం అతనికి ఆస్పత్రి తర్వాత మళ్ళీ ఇదే. అక్కడ కూర్చున్నప్పుడు ఒక మాట కావాలని కూర్చున్నాడు. ఇక్కడ ఏమీ అక్కర్లేదు. వీడు లేచేదాకా ఉంటే చాలు.

వీడికి నేను వచ్చానని తెలియదు. అయినా నేను వచ్చాను కదా. వీడికి తెలియనంతమాత్రాన ఈ గదిలో నేను లేకుండా పోలేదు. లేచి కళ్ళు తెరిస్తే ఎదురుగా నేనుంటాను. మధ్యలో గడిచిన ఈ రెండు గంటలు వీడి వరకు అసలు గడవనే లేదు. పడుకున్నాడు, లేచాడు, బావ కనిపించాడు, అంతే. ఎదురుచూడటం పక్కన కూర్చున్నవాడి వంతు. పడుకున్నవాడికి ఎదురుచూపు లేదు.

ఇరవై ఏళ్ళు వాడు చెప్పిన మాట ఇదేనా? ఎదురుగా కూర్చుని గొంతు చించుకుని చెప్పినా తలకెక్కనిది, వాడు మాట్లాడకుండా పడుకుంటే ఎక్కింది. నిద్రంటే తలుపు మూసి గడియ పెట్టడం అనుకున్నాడు తను. ఆవిడ నిజంగా పడుకునే ఉందనుకో. అయితే ఏమైంది? కళ్ళు మూసింది, తెరిచింది, ప్రభువు మొహం. ఆ పక్కనే మేమిద్దరం. మధ్యలో ఇరవై నిమిషాలో, వందేళ్ళో, ఆవిడకి దిగులు లేదు. పడుకోలేదు, చూస్తోందనుకో. ఇవాళ తనెక్కడ కూర్చున్నాడో చూస్తోంది. రెండింట్లో ఏదైనా, ఇవాళ మధ్యాహ్నం తను చేయవలసిన పని ఒకటే. ఇన్నాళ్ళ వాదనలో ఈ సంగతి ఇద్దరిలో ఎవడికీ తట్టలేదు. ఆవిడకి తట్టే ఉంటుంది. అందుకే ఇస్త్రీ చేసుకుంటూ నవ్వేది.

నాలుగు కావస్తుండగా బావమరిది ఒక్కసారి ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.

"ఎవరు? పిలిచారా?"

"ఎవరూ పిలవలేదు," అన్నాడు మేస్త్రి.

వాడు కళ్ళు నులుముకుని చూశాడు. కాసేపు గుర్తుపట్టనట్టు చూసి, తర్వాత లుంగీ సర్దుకుని, గోడకి ఆనుకున్నాడు. మొహంలో సంతోషం ముందు వచ్చింది, దాని వెనక జాగ్రత్త వచ్చింది.

"ఎంతసేపయింది బావా వచ్చి?"

"రెండు గంటలు."

"రెండు గంటలు నేను లేవలేదా?" వాడికి నమ్మకం కలగలేదు. గడియారం వైపు చూశాడు. "లేపకపోయావా?"

"మీ అక్క లేపొద్దంది."

బావమరిది మొహం ముడుచుకుంది. "మళ్ళీ మొదలుపెట్టావా. బావా, నీకు దణ్ణం పెడతాను, అక్క ఇప్పుడు..."

"ఇప్పుడు కాదురా. ఆ రోజు."

వాడు ఆగిపోయాడు.

మేస్త్రి చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. కిటికీ పక్క మంచం, పొద్దున తొమ్మిదిన్నర, పిండి చొక్కా, లేపొద్దన్నది, లేచాక చెప్పమన్నది. బావమరిది రెప్ప వేయకుండా విన్నాడు.

"ఈగా?" అన్నాడు చివరికి.

"ఈగే. నీ నోట్లోకి పోతుందేమోనని నాకు భయం. ఆవిడకి నవ్వు."

వాడికీ నవ్వొచ్చింది. అది సగంలో ఇంకేదోగా మారిపోయి, వాడు దిండు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కాసేపు అదిరాయి. మేస్త్రి నేల చూస్తూ కూర్చున్నాడు.

"ఏడాది నీ దగ్గరే పెట్టుకున్నావా ఈ మాట?" దిండు వెనకనుంచి అడిగాడు.

"పెట్టుకున్నాను."

"నేనేం పాపం చేశాను బావా?"

"నువ్వేం చేయలేదు." చెప్పక తప్పదు, అదీ చెప్పేయాలి. "నా గురించి ఏమీ అనలేదురా. నేను చెయ్యి పట్టుకునే ఉన్నాను. ఒక్క మాటా అనలేదు. ఆఖరికి అన్నదంతా నీ గురించే."

బావమరిది దిండు తీసేశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని, ఏడాది కోపంతో చూడవలసినవాడు అలా చూడటంలేదు. ఏదో సులువైన విషయం ఇంత పెద్దవాడికి తెలియనందుకు జాలిపడుతున్నట్టు చూశాడు.

"నువ్వు పక్కనే ఉన్నావు కదా బావా," అన్నాడు. "పక్కనున్నవాడికి కబురెందుకు పంపుతుంది?"

కింద రోడ్డు మీద ఎవరో షట్టరు పైకి లాగుతున్నారు. బావమరిది లేచి ఫ్లాస్కులోంచి రెండు గ్లాసుల్లో టీ పోసి, ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"శనివారం కూడిక," అన్నాడు మేస్త్రి. "పాస్టరుగారు నిన్ను సాక్ష్యం చెప్పమన్నారు."

"చెప్తాను. కాని అక్క పడుకుందనే చెప్తాను. నీ మొహమాటానికి మాట మార్చను."

"మార్చొద్దు. మీ అక్క వింటూ కూర్చుంటుంది."

"అదిగో."

"ఏం అదిగో? సిలువ మీద దొంగకి..."

"బావా." వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "దొంగ సంగతి ఆదివారం చూద్దాం. ముందు ఆ మాట మళ్ళీ చెప్పు. నువ్వన్నట్టు కాదు, అక్క ఎలా అందో అలా."

డ్యూటీకి వేళవుతోంది. వాడు తయారయ్యే ప్రయత్నమేమీ చేయకుండా మంచం అంచున కూర్చున్నాడు. మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టి, స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకుని, తమ్ముడు రాలేదా అని ఆవిడ అడిగిన దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఈసారి ఎక్కడా ఆగకుండా, ఒక్క మాట కూడా తన దగ్గర ఉంచుకోకుండా చెప్పాడు.